పేరుకీ నామానికీ మధ్య

నందిగామ దగ్గర రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే ఆయన ఉండేవాడు. మాలపల్లె మనిషి. 1849 ప్రాంతంలో ఒక మిషనరీ చెప్పిన మాట బంధువు నోటి మీదుగా ఆయన చెవిన పడింది. విగ్రహాల్లో దేవుడు లేడని ఆ మాట. వెంకయ్య కొలుపులు మానేశాడు. మానేశాక ఎవరికి మొక్కాలో చెప్పేవాళ్ళు లేరు. దాంతో తనకు తోచిన ప్రార్థన ఒకటి కట్టుకుని పదేళ్ళు చేశాడు. గొప్ప దేవుడా అని పిలవడం, నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అని అడగడం, అంతే దాని సారం. అందులో దేవుడికి పేరు లేదు.

1859లో బెజవాడ కృష్ణ ఒడ్డున జరిగే తీర్థానికి కొడుకులతో వెళ్ళి అక్కడ ఒక బ్రాహ్మణుణ్ణి దేవుడి సంగతి అడిగాడు. ఆయన ఊళ్ళో ఉన్న తెల్లదొర దగ్గరికి పొమ్మన్నాడు. ఆ దొర సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్. ఆయన చెప్పింది విని, నేనిన్నాళ్ళూ వెతుకుతున్న దేవుడు ఈయనే అన్నాడు వెంకయ్య. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో పల్లెలకు పల్లెలు క్రైస్తవంలోకి రావడం ఈయనతోనే మొదలైందని మిషన్ చరిత్రలు రాస్తాయి.

ఆ చరిత్రలు రాసినవాళ్ళు మిషన్ మనుషులే కాబట్టి, పేరు తెలియని చీకట్లోంచి పేరు తెలిసిన వెలుగులోకి వచ్చిన మనిషిగా వెంకయ్యను చూపిస్తారు. నాకు మాత్రం ఆ పదేళ్ళ ప్రార్థన దగ్గరే ఆగాలనిపిస్తుంది. పేరు లేకుండానే అది ప్రార్థన అయింది కదా. మరి 1859లో వెంకయ్యకు కొత్తగా దొరికిందేమిటి? దేవుడి పేరు తెలియడం వల్ల మనిషికి ఒరిగేదేమిటి? తెలుగు క్రైస్తవం నామమహిమ గురించి ఇన్ని పాటలు పాడింది. ఆ మహిమ ఎక్కడుందన్నది సాహిత్యం చదివేవాళ్ళంగా మనం పెద్దగా అడగలేదు. అడగాల్సింది బైబిల్ పండితులేనని వదిలేశాం. కానీ ఇది ముందు భాషకు సంబంధించిన ప్రశ్న.

1

దేవుళ్ళ పేర్లకు ఆ ప్రాంతంలో ఏనాడూ కొదవ లేదు. బెజవాడ కొండ మీద దుర్గమ్మ, వేదాద్రిలో నరసింహస్వామి, ముక్త్యాలలో ముక్తేశ్వరుడు, పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ. పేరు పెట్టే అధికారం ఎవరిదన్నది కూడా అక్కడ అందరికీ తెలిసిన సంగతే. బేతవోలు అనే ఊరు జగ్గయ్యపేట అయిందంటే, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు దానికి పెట్టబట్టి. దొర తలుచుకుంటే ఊరి పేరే మారుతుంది. పల్లెలో మనిషికి మాత్రం తల్లి పెట్టిన పేరు కూడా పూర్తిగా నిలవదు. వెంకయ్య వీధిలోకి వచ్చేసరికి వెంకడవుతాడు, దొడ్లోకి వెళ్ళేసరికి వెంకిగాడవుతాడు. దొర పేరును వాడు పలకకూడదు. వాడి పేరును దొర ముక్కలు చేసి పిలవచ్చు.

ఇలాంటి చోటికి వచ్చిన తెలుగు బైబిల్, పేరుతో ఏం చేసింది?

దాని చరిత్ర చాలా పాతది. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో 1732 నాటికే బైబిల్‌ను తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్ళు డిగ్రాంజెస్, క్రాన్. వాళ్ళు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మొదలుపెట్టిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎందరో చేతులు పెట్టి, దిద్ది, తిరగరాసిన బైబిలే ఈరోజు ప్రొటెస్టెంట్ ఇళ్ళలో కనిపించే పాత అనువాదం. దాని గ్రాంథికాన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఆ అనువాదకులు చేసిన మూడు నిర్ణయాలు తెలుగువాళ్ళ భక్తిని ఎటు నడిపించాయో చూడాలి.

మొదటిది, పేరు, నామము అనే రెండు మాటల పంపకం. హీబ్రూలో రెంటికీ ఒకటే మాట, షేమ్. తెలుగులో రెండున్నాయి. అనువాదకులు రెంటినీ వాడారు. పుట్టబోయే బిడ్డకు యేసు అని పెట్టమని దేవదూత యోసేపుకు చెప్పేచోట ఉన్నది పేరు. పరలోక ప్రార్థనలో పరిశుద్ధం కావలసింది నామము. అన్నిటికన్నా విచిత్రమైన చోటు నిర్గమకాండం మూడో అధ్యాయం. మండే పొద ముందు నిలబడ్డ మోషే, ఇశ్రాయేలీయులు నీ పేరడిగితే ఏం చెప్పనని అడుగుతాడు. ప్రశ్నలో ఉన్నది పేరు. జవాబు ముగిసేసరికి అది నామము అవుతుంది. ఒకే సంభాషణలో, రెండు వాక్యాల తేడాలో, దేశి మాట సంస్కృతమైపోయింది.

ఇది పొరపాటని నేననను. తెలుగు చెవికి ఆ తేడా నిజంగానే వినిపిస్తుంది. పేరు మనుషులది. అడుగుతాం, చెప్పుకుంటాం, పెడతాం, మరిచిపోతాం. నామం జపించేది, స్మరించేది, సంకీర్తన చేసేది. వెయ్యి ఉంటే సహస్రనామాలు, నుదుట పెడితే ఊర్ధ్వపుండ్రం, ఎదుటివాడికి పెడితే మోసం. ఇన్ని అర్థాల బరువున్న మాటను తెచ్చి అనువాదకులు దేవుడికి ఇచ్చారు. దాంతో తెలుగు క్రైస్తవ భక్తి ఒక్కసారిగా అన్నమయ్య, రామదాసు నడిచిన దారిలోకి వచ్చింది. 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆ దారి పట్టినవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉండటం ఊరికే కాదు. ఆ లాభం నిజమే. నష్టం ఏమిటంటే, మోషే అడిగిన సాదా ప్రశ్న, అంటే నిన్నేమని పిలవాలి అన్నది, మెట్లెక్కి గర్భగుడిలోకి వెళ్ళిపోయింది.

రెండో నిర్ణయం పది ఆజ్ఞల్లోది. దేవుడి నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదని మనకు తెలిసిన తెలుగు. హీబ్రూలో ఉన్న క్రియ నాసా. దానికి ఎత్తడం, మోయడం అని అర్థం. ఆయన పేరును ఊరికే మోయకు అని ఆ ఆజ్ఞను చదవొచ్చు. ఆయన మనుషులమని చెప్పుకుంటూ ఆయన మనుషుల్లా బతకకపోవడమే ఆ తప్పు. తెలుగులో ఉచ్చరించడం అనేసరికి అది నాలుక జాగ్రత్తగా, ఒట్టేయకూడదనే నియమంగా కుదించుకుపోయింది. తరతరాలుగా ఊరి మోతంతా మోసిన జనం ఈ బైబిల్‌కు పాఠకులయ్యారు. మోయడం అనే మాట ఆ వాక్యంలో ఉండి ఉంటే వాళ్ళకు అది ఎంత దగ్గరగా తగిలేదో.

మూడోది, పిలవడం. రోమా పత్రికలో పౌలు, ప్రభువు నామాన్ని పిలిచే ఎవరికైనా రక్షణ ఉందనే అర్థంలో ఒక మాట రాస్తాడు. గ్రీకు క్రియ నేరుగా కేక వేసి పిలవడమే. పాత అనువాదంలో అది ప్రార్థన చేయడం అయింది. తప్పేమీ కాదు, మర్యాదగా ఉంది. కానీ పొలంలో పాము కరిస్తే అమ్మా అని అరిచే అరుపు ఆ మాటలో ఉంది. ప్రార్థన చేయడంలో ఆ అరుపు వినపడదు.

ఇదే అనువాదంలో ఒక పెద్ద తెగువ కూడా ఉంది. యూదులు ఆ నాలుగక్షరాల పేరును పలకరు. రాతలో అది కనిపించినచోట అదొనాయ్, అంటే నా ప్రభువు, అని చదువుకుంటారు. మాటల్లో హషేమ్, అంటే ఆ పేరు, అంటారు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ కూడా దాదాపు అన్నిచోట్లా ప్రభువు అనే సరిపెట్టింది. పాత నిబంధనలో ఆ పేరు వచ్చే దాదాపు 6,800 చోట్లా తెలుగు బైబిల్ యెహోవా అని రాసేసింది. నాలుగు హల్లులకు అదొనాయ్‌లోని అచ్చులు తొడగడంవల్ల పుట్టిన ఉచ్చారణ ఇదని, అసలు పలుకు యాహ్వేకు దగ్గరగా ఉండేదని పండితులంటారు. ఆ సంగతి అలా ఉంచితే, యూదులు పైకి పలకని పేరు మెట్ట ఊళ్ళలో ఆటో వెనక అద్దం మీదికి వచ్చింది. జి.కొండూరు నుంచి మైలవరం వెళ్ళే రోడ్డు మీద యెహోవా యీరే అని రాసుకున్న ఆటో పక్కనే దుర్గమ్మ పేరున్న ఆటో పోతుంది. దేవుడు చూసుకుంటాడని దాని అర్థం. ఆ పేరు పలకడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని వాళ్ళకు ఎవరూ సిద్ధాంతం చెప్పలేదు. వాళ్ళ చేతికొచ్చిన పుస్తకంలో అది అలాగే ఉంది.

2

నామశక్తి అంటే ఏమిటన్న ప్రశ్నకు తెలుగు నేల మీద రెండు పాత జవాబులున్నాయి. ఒకటి రహస్యం. గురువు చెవిలో చెప్తాడు, శిష్యుడు బయట చెప్పకూడదు. చెప్తే శక్తి పోతుంది. రెండోది దాన్ని కాదనే కథ, రామానుజులది. తిరుక్కోష్టియూర్‌లో మంత్రం ఉపదేశం పొంది, గోపురం ఎక్కి అందరికీ వినపడేలా చెప్పేశాడని. నేను నరకానికి పోయినా ఇంతమంది బాగుపడితే చాలనుకున్నాడని.

ఒంగోలు వైపు మొదటి మాదిగ క్రైస్తవుల్లో యెర్రగుంట్ల పేరయ్య ఒకడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు ఆయన యోగమార్గంలో ఉన్నవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకం, చెప్పులు కుట్టుకుంటూ అనే అర్థం వచ్చే పేరున్నది, ఇలాంటి మాదిగ పెద్దల జీవితాలను వాళ్ళ జ్ఞాపకాల్లోంచే రాసింది. అందులో నన్ను ఆపే విషయం ఒకటుంది. క్రైస్తవం రాకముందే వీళ్ళు వెతుకుతున్నారు. గురువుల వెంట తిరిగారు, ధ్యానం నేర్చుకున్నారు. వాళ్ళు అజ్ఞానంలో పడి ఉంటే మిషన్ వచ్చి లేపిందనే కథ వాళ్ళ పక్షం నుంచి చూస్తే నిలవదు. వెంకయ్య ప్రార్థన కూడా అదే చెబుతోంది. కొత్తగా వచ్చింది పేరు గుట్టు విప్పడం. చెవిలో చెప్పేదాన్ని చింతచెట్టు కింద అందరి ముందూ చెప్పడం. రామానుజుడు గోపురం ఎక్కి చేసిన పనే ఇది. కానీ ఆ గోపురం ఉన్న గుడిలోకి ఈ పల్లెవాళ్ళకు ప్రవేశం లేదు. తమ దగ్గరికే వచ్చిన పేరు వీళ్ళకు కావలసి వచ్చింది.

అపొస్తలుల కార్యాల మూడో అధ్యాయాన్ని ఈ వెలుగులో చదవాలి. దేవాలయం గుమ్మం బయట పుట్టు కుంటివాడు అడుక్కుంటున్నాడు. పేతురు తన దగ్గర వెండీ బంగారమూ లేవని చెప్పి, యేసు నామాన లేచి నడవమంటాడు. ప్రసంగాల్లో ఇది స్వస్థత కథ. ఆ మనిషి లేచి ఎక్కడికి వెళ్ళాడన్నది మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. గుడి లోపలికి వెళ్ళాడు, గంతులేస్తూ. నామశక్తి పనిచేసిన చోటు కాలు మాత్రమే కాదు, గుమ్మం కూడా. మర్నాడు పెద్దలు పేతురును నిలబెట్టి ఏ అధికారంతో, ఎవరి పేరు చెప్పి చేశావని నిలదీస్తారు. మన ఊళ్ళలో కూడా అదే ప్రశ్న. ఎవరి పేరు చెప్పుకుని ఇంత ధైర్యం?

అదే పుస్తకం 19వ అధ్యాయంలో దీనికి విరుగుడు కథ ఉంది. స్కెవ అనేవాడి ఏడుగురు కొడుకులు యేసు పేరును మంత్రంలా వాడి దయ్యాలు వదిలించబోతారు. దయ్యం పట్టినవాడు వాళ్ళను కొట్టి, బట్టలు చించి తరుముతాడు. పేరు తెలుసు, పేరుగలవాడు తెలియదు. అక్షరాలకే శక్తి ఉంటే వాళ్ళకూ పనిచేయాలి.

ఈ కథను ఈరోజు వేదికల ముందు పెట్టి చదవాల్సిన అవసరం ఉంది. యూట్యూబ్‌లో, పెద్ద పెద్ద పందిళ్ళలో, యేసు నామంలో అనే మాట ఎంత వేగంగా, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా అంటే అంత శక్తి అన్నట్టు సాగుతోంది. నూనె సీసా మీద, కర్చీఫ్ మీద, వీసా కాగితం మీద అదే ముద్ర. నామాన్ని గుట్టు విప్పి అందరికీ ఇచ్చిన సంప్రదాయం మళ్ళీ దాన్ని ఒకరి గొంతులో బంధిస్తోంది. ఆ బోధకుడు అంటేనే పనిచేసేదైతే అది చెవిలో చెప్పే మంత్రానికి వేరు కాదు, మైకు తోడైందంతే. ఆ పందిళ్ళకు వెళ్ళే మనుషులను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఆస్పత్రికి డబ్బుల్లేనివాడికి పిలవడానికి ఒక పేరుండటం చిన్న విషయం కాదు. వాడి అరుపు నిజం. దాన్ని కొలిచి అమ్మేవాడి దగ్గరే తేడా.

3

జనం తమంతట తాము చేసిన అనువాదం ఒకటుంది. దానికి కమిటీ లేదు, అచ్చు తేదీ లేదు. యేసయ్య.

బైబిల్ పాఠంలో ఆయన యేసు, ప్రభువు, క్రీస్తు. పాటలో, ప్రార్థనలో, కష్టం వచ్చినప్పుడు, దగ్గొచ్చినప్పుడు కూడా ఆయన యేసయ్య. ఈ చివరి రెండక్షరాల మీద ఎవరైనా ఒక వ్యాసం రాసి ఉండాల్సింది. అయ్య తండ్రి, అయ్య దొర, అయ్య పెద్దమనిషి. రామయ్య, కోటయ్య, వీరయ్య అన్నప్పుడు మనిషికి వయసూ గౌరవమూ తెచ్చే తోక అదే. వెంకయ్యను వెంకడు చేసినప్పుడు ఊరు కోసేసింది ఆ తోకనే. ఆ కోసిన ముక్కను తీసుకెళ్ళి పల్లె తన దేవుడికి అతికించింది. ఒక పక్క ఆయన్ని దొరను చేసింది, ఇంకో పక్క తమ ఇంటి పెద్దను చేసింది. నువ్వు అని పిలిచే దొర ఆయనొక్కడే. పేరుకీ నామానికీ మధ్య అనువాదకులు గీసిన గీత ఈ పిలుపులో చెరిగిపోతుంది. యేసయ్య నామమూ అవుతుంది, పేరూ అవుతుంది. కేకేసి పిలవచ్చు.

ఇంకోటి గమనించాలి. బాప్తిస్మం తర్వాత కూడా మిషన్ పుస్తకాలన్నీ వెంకయ్యను వెంకయ్య అనే పిలుస్తాయి. వేంకటేశ్వరుడి పేరున్న మనిషే ఆ మెట్ట ప్రాంతంలో యేసు పేరును ఊరూరా మోశాడు. పేరు మారకపోయినా మనిషి మారతాడని ఆ పాతతరం తేలిగ్గానే తీసుకున్నట్టుంది. తర్వాతి తరాల్లో దానియేళ్ళు, మోషేలు, రూతమ్మలు, కరుణమ్మలు వచ్చారు. అది కూడా అర్థమవుతుంది. ముక్కలు చేయడం అలవాటైన నోటికి దానియేలును ముక్క చేయడం వెంటనే చేతకాదు కదా.

4

ఈ పేర్ల ప్రయాణంలో సాహిత్యానికి దక్కిన గొప్ప ఉదాహరణ గుర్రం జాషువ. 1895లో వినుకొండలో పుట్టాడు. ఆయన పేరు మీద మనం చేయాల్సినంత ఆలోచన చేయలేదు. పాత నిబంధనలో మోషే తర్వాత జనాన్ని నడిపించిన నాయకుడి పేరు తెలుగు బైబిల్‌లో యెహోషువ. యెహోవాయే రక్షణ అని అర్థం. అంతకుముందు అతని పేరు హోషేయ, అంటే రక్షణ. మోషే దాని ముందు దేవుడి పేరును చేర్చి యెహోషువ చేశాడని సంఖ్యాకాండం చెబుతుంది. ఆ పేరే వాడుకలో యేషువ అయింది, గ్రీకులో యేసూస్ అయింది, తెలుగులో యేసు అయింది. ఆ పేరే ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వస్తే జాషువ. యెహోషువ, యేసు, జాషువ ఒకే పేరుకు మూడు తెలుగు రూపాలు. మన మనుషుల పేర్లు ఇంగ్లీషు దారిన, బైబిల్ పేర్లు హీబ్రూ దారిన వచ్చాయి కాబట్టి ఇనాక్‌కీ హనోకుకీ, జాన్‌కీ యోహానుకీ ఉన్న చుట్టరికం కనపడకుండా పోయినట్టే ఇదీ కనపడదు.

కులం తెలిసి సభల్లో అవమానాలు పడ్డ కవి, తన దేవుడి పేరే తన పేరుగా మోస్తున్నాడన్నమాట. ఆయన 1941లో రాసిన గబ్బిలాన్ని ఈ సంగతి మనసులో పెట్టుకుని తెరిస్తే కొత్త ప్రశ్నలు వస్తాయి. అందులో నాయకుడికి సొంత పేరు లేదు. అరుంధతీ సుతుడు, అంతే. కులం పేరే అతని పేరు. అతను కబురు పంపేది యేసుకు కాదు, కాశీలో ఉన్న శివుడికి. మోసుకెళ్ళేది గబ్బిలం, ఎందుకంటే అతను వెళ్ళలేని గుడిలోకి అది వెళ్ళగలదు. క్రైస్తవుడైన కవి శివుడికి ఎందుకు రాశాడని రెండు వైపులా అడిగారు. హిందూ పురాణ కథలు పద్యాలకెక్కించినందుకు సొంత క్రైస్తవుల నుంచీ ఆయన మాటలు పడ్డాడు.

నా చదువులో గబ్బిలం దేవుడి పేరు మీద కావ్యమే. ఏ పేరున్న దేవుడైనా, గుమ్మం బయట నిలబెట్టినవాడి పిలుపు ఆ పేరు దాకా చేరుతుందా అన్నదే దాని పరీక్ష. కబురు మధ్యవర్తి చేత పంపాల్సి రావడమే ఆ పేరు మీద తీర్పు. యేసుకైతే గబ్బిలం అక్కర్లేదు, నేరుగా పిలవచ్చు. జాషువ ఆ మాట గబ్బిలంలో చెప్పలేదు. చెప్పి ఉంటే అది మతప్రచారం అయ్యేది. చెప్పకపోవడం వల్ల నేరం మోపాల్సిన చోట మోపగలిగాడు. తర్వాత రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అయినా మన విమర్శ గబ్బిలాన్ని సామాజిక కావ్యంగా, క్రీస్తు చరిత్రను భక్తి కావ్యంగా వేరు వేరు అరల్లో పెట్టింది. రెంటినీ రాసిన చెయ్యి ఒకటే. రెంటి కింద ఉన్న ప్రశ్నా ఒకటే, ఎవరిని పిలిస్తే పలుకుతాడు?

మన అభ్యుదయ విమర్శ కూడా ఇక్కడే తడబడింది. శిలువ మీద యేసును బాధకు గుర్తుగా తీసుకుంటుంది. యేసయ్యా అని పిలిచే నోటిని మాత్రం మిషన్ ప్రభావం అనో, మత్తు అనో దాటేస్తుంది. అన్నమయ్య నామసంకీర్తనకు కవిత్వ హోదా ఇచ్చేవాళ్ళు, మాదిగపల్లె పాటల పుస్తకాన్ని సమాజశాస్త్రం వాళ్ళకు వదిలేస్తారు. సుజాత గిడ్ల 2017లో తన కుటుంబ చరిత్ర ఇంగ్లీషులో రాస్తే, ఆంధ్రలో క్రైస్తవులనే మాటే ఎలా కులం పేరుగా మారిందో ప్రపంచానికి తెలిసింది. ఆ మాట మన పత్రికల్లో విమర్శగా రావడానికి మనకు ఎవరూ అడ్డం పడలేదు.

5

ఇదంతా పుస్తకాల గొడవే అయితే ఇక్కడితో ఆపొచ్చు. కానీ ఈ పేరుకు ఒక ఖరీదు ఉంది. అది రాసి ఉన్న కాగితం ఎమ్మార్వో ఆఫీసులో ఉంటుంది.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం, హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్ళు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ. వాళ్ళ వాటా 1 శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసేయమంది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వాన ఇంకో కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించమని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పింది.

అంటే ఏమిటి? వీధిలో ఊరు అతన్ని కులం పేరుతోనే తిడుతుంది. ఆదివారం అతను యేసయ్యా అని పిలుస్తాడు. ఆ పిలుపు కాగితం మీదికి ఎక్కితే, తిట్టు నుంచి కాపాడే చట్టం అతనికి అందదు. అందుకే చాలా ఇళ్ళలో రెండేసి పేర్లుంటాయి. బడి రిజిస్టర్లో వెంకటేశ్వర్లు, సంఘం రిజిస్టర్లో దానియేలు. బయటివాళ్ళు దీన్ని మోసం అంటారు. కొందరు బోధకులు విశ్వాసం లేకపోవడం అంటారు. నేను రెండూ అనలేను. తిట్టేవాడు సర్టిఫికెట్ చూసి తిట్టడు కదా. కులం పేరును ఊరు తగిలించింది, దాన్ని తీసేయడం అతని చేతిలో లేదు. దేవుడి పేరును అతను ఎంచుకున్నాడు, దాన్ని రాసుకోవడం అతని చేతిలో లేదు.

ఇప్పుడు ఆ ఆజ్ఞను మళ్ళీ చదవాలి. పేరును వ్యర్థంగా మోయకూడదు. రెండు పేర్లతో బతికే మనిషి దాన్ని మీరుతున్నాడా? నామాన్ని నాలుకతో కొలిచే లెక్కన చూస్తే మీరుతున్నట్టే ఉంటుంది, పేరడిగినప్పుడు పలకలేదు కాబట్టి. మోయడం లెక్కన చూస్తే, కాగితం మీద లేని పేరును వీపు మీద మోస్తున్నాడు. వ్యర్థంగా మోసేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ పేరు చెప్పి చందాలు దండేవాళ్ళు, ఆ పేరు కిందే మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు వేరు గుడులు కట్టుకుని పెళ్ళి మాటకొస్తే తలుపులేసుకునేవాళ్ళు. చర్చి తన తప్పును అక్కడ ఒప్పుకోకుండా రాజ్యాన్ని మాత్రమే నిలదీస్తే ఆ గొంతులో బలం ఉండదు.

యాకోబు రాత్రంతా ఎవరితోనో పెనుగులాడి నీ పేరేమిటని అడుగుతాడు. జవాబు రాదు. ఎదురు ప్రశ్న వస్తుంది, ఎందుకడుగుతున్నావని. పేరు రాలేదు, దీవెన వచ్చింది. తెల్లారేసరికి మారింది యాకోబు పేరు. వెంకయ్య పదేళ్ళు పెనుగులాడింది అలాంటిదే అనుకుంటాను. 1859లో ఆయనకు దొరికినది మూడక్షరాల శబ్దం అనుకుంటే అది చాలా తక్కువ. తన పేరును ముక్కలు చేయకుండా పిలిచేవాడు ఒకడున్నాడని, వాణ్ణి తను కూడా పేరు పెట్టి పిలవచ్చని తెలిసింది. క్రైస్తవంలో నామశక్తి అనేది ఉంటే ఆ రెండు పిలుపుల మధ్యే ఉంది. ఆ శక్తిని ఉచ్చారణలో వెతికేవాళ్ళకు అది దొరకదు. ఆ పేరు పిలిచినందుకు మనిషి తన హక్కుల్లో ఒకటి పోగొట్టుకోవాల్సినన్నాళ్ళూ, ఈ దేశం కూడా దాని శక్తిని ఒప్పుకుంటున్నట్టే.